గారాల పళ్ళు

మా పెళ్ళిచూపుల్లో మా అత్తగారు నా గురించి ఒకే ఒక్క మంచిమాట అన్నారు. "అబ్బాయి కాస్త చామనచాయే గానీ, పలువరుస ముత్యాల్లా ఉంది" అని. ఉద్యోగం గురించి ఏమీ అనలేదు. చదువు గురించీ అనలేదు. నా ఎత్తు గురించి మావగారు ఏదో అనబోతే ఆవిడే మోచేత్తో పొడిచారు. ఆ ఒక్క మాటనీ నేను ఇనాం భూమిలా పాతికేళ్ళు అనుభవించాను. ఇనాం భూమి అని ఎందుకంటున్నానంటే, శిస్తు కట్టలేదు, దుక్కి దున్నలేదు, కలుపు తియ్యలేదు. ఊరికే కూర్చుని తిన్నాను.

మా ఇంట్లో ఆల్బమ్‌లు చూస్తే మీకే తెలుస్తుంది. పద్మాపురం తోటలో నేను, నవ్వుతూ. చాపరాయి దగ్గర మోకాళ్ళలోతు నీళ్ళలో నేను, నవ్వుతూ. గాలికొండ మలుపులో మబ్బు కమ్మేసి మనుషులు కనపడని ఫోటో ఒకటుంది, అందులో కూడా పళ్ళు కనపడతాయి. ఆఖరికి మా పెదనాన్నగారి పన్నెండో రోజున తీసిన ఫోటోలో చుట్టాలంతా కళ్ళొత్తుకుంటూ ఉంటే, వెనక వరసలో ఒక మనిషి ఇకిలిస్తున్నాడు. ఆ మనిషి ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

నేను తెలుగు పండితుణ్ణి. విజయనగరం నుంచి కొండెక్కి, అరకు లోయలో గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెప్పుకుంటున్నాను. ప్రబంధ కవులు పళ్ళని మొల్లమొగ్గలన్నారు, దానిమ్మ గింజలన్నారు. చిగురు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ మావిడికొమ్మ వైపు తిరిగిపోయారు. పంటిని పట్టుకుని ఉండే కండకీ చిగురనే పేరుందని, దానికీ ఒక బాగోగు ఉంటుందని నాకు తెలిసి ఎవరూ పద్యం కట్టలేదు. తప్పు నాది కాదు, సాహిత్యానిది అని వాదించి చూశాను. మా ఆవిడ ఒప్పుకోలేదు.

నా దంతధావనం ఎలా ఉండేదో చెబుతాను, నవ్వకండి, మీదీ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అరకులో డిసెంబరు తెల్లవారుజామున కుళాయి తిప్పితే వచ్చేవి నీళ్ళు కావు, సూదులు. పుక్కిలిస్తే నడినెత్తిదాకా జివ్వుమంటుంది. అందుకని పని తొందరగా తెముల్చుకునేవాణ్ణి. పైన ఆరు, కింద ఆరు, మొత్తం ఇరవై సెకన్లు. కొట్టు ముందు కళ్ళాపి చల్లి ముగ్గేసి, వెనక గోడౌనులో ఎలకల్ని వాటి మానాన వదిలేసే షావుకారు పద్ధతి. దవడ పళ్ళు ఫోటోలో పడవు కదా, వాటికెందుకు? బ్రష్షు కూడా మాంచి గట్టి పీచుది. పీచు నాలుగు దిక్కులా పొద్దుతిరుగుడు పువ్వులా విచ్చుకునేదాకా మార్చేవాణ్ణి కాదు. 2022 ఏప్రిల్లో విశాఖ జిల్లాని విడగొట్టి మమ్మల్ని అల్లూరి సీతారామరాజు జిల్లాలో వేశారు. పాడేరు జిల్లా కేంద్రమైంది. ఆఫీసుల బోర్డులన్నీ మారాయి. నా బ్రష్షు మాత్రం ఉమ్మడి విశాఖ జిల్లా నాటిదే.

మొదటిసారి రక్తం ఎప్పుడు కనపడిందో గుర్తులేదు. ఉమ్మిన నురగ లేత గులాబీ రంగులో ఉంది. మనవాళ్ళకి అన్ని జబ్బులకీ ఒకటే కారణం కదా, "వేడి చేసింది" అన్నాను. బయట పొగమంచుకి ఎదురుగా ఉన్న కొండ కనపడటం లేదు. నేను రెండు స్వెటర్ల మీద శాలువా కప్పుకుని, మంకీ టోపీ లోపలినుంచి "ఒంట్లో వేడి" అని తీర్మానించాను. మజ్జిగ తాగాను. సబ్జాగింజలు నానబోసుకుని తాగాను. చిగుళ్ళ వేడి తగ్గలేదు గానీ పదిహేను రోజులు జలుబు పట్టుకుంది.

ఆ తరవాత ఇంకో గొప్ప ఆలోచన వచ్చింది. రక్తం వచ్చేచోట బ్రష్షు పెట్టడం మానేశాను. పుండు మీద పుల్ల పెట్టకూడదు కదా! చెత్త ఎక్కడ పేరుకుందో ఒళ్ళే వేలెత్తి చూపిస్తుంటే, సరిగ్గా ఆ మూలకి చీపురు తగలకుండా ఊడ్చిన ఘనుణ్ణి నేను.

ఈలోగా చిగుళ్ళు ఎర్రగా, నున్నగా, బొద్దుగా తయారయ్యాయి. అద్దంలో చూసుకుని మురిసిపోయాను. అరకు నీళ్ళు ఒంటికి పట్టాయనుకున్నాను. "వాపు చూసి బలుపనుకున్నట్టు" అనే సామెతని సొంతవాక్యంలో ప్రయోగించమని ఎనిమిదో తరగతికి ఇచ్చింది కూడా ఆ రోజుల్లోనే. నలభై రెండు మంది రాశారు. ఒక్కడైనా నా పేరు పెట్టి రాసుంటే నాకు అప్పుడే తెలిసొచ్చేది.

తెలియడానికి సూచనలు లేకపోలేదు. పాఠం చెబుతుంటే ముందు బెంచీ పిల్లలు ఒక్కొక్కళ్ళే వెనక బెంచీకి జరిగేవారు. భయభక్తులనుకున్నాను. స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు నాతో మాట్లాడాల్సి వస్తే కిటికీ దగ్గరికెళ్ళి, సిల్వర్‌ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగల్ని చూస్తూ మాట్లాడేవారు. ప్రకృతి ప్రేమికుడనుకున్నాను. మా ఆవిడ రాత్రిళ్ళు గోడవైపు తిరిగి పడుకునేది. అలిసిపోయింది పాపం అనుకున్నాను. ఒకసారి ఎందుకో నా చొక్కా జేబులో గుప్పెడు యాలకులు పోసింది. ప్రేమనుకున్నాను.

చుట్ట సంగతి కూడా చెప్పేస్తే ఒక పనైపోతుంది. హాస్టలు వెనకాల వాచ్‌మన్ దగ్గర చలికి ఒక దమ్ము అని మొదలుపెట్టి, రోజుకి మూడు చుట్టల్లోకి దిగాను. ఆశ్చర్యం ఏమిటంటే చుట్ట మొదలుపెట్టాక చిగుళ్ళ రక్తం తగ్గిపోయింది. "చూశావా, ఆకులో మందుంది" అని వాచ్‌మన్‌కి నేనే ఎదురు వైద్యం చెప్పాను. పొగాకు లోపలికెళ్ళి రక్తనాళాల్ని కుంచింపజేస్తుందని, లోపల ఇల్లు కాలిపోతున్నా బయటికి రక్తం చుక్క కనపడనివ్వదని, పొగతాగేవాళ్ళ చిగుళ్ళ జబ్బు అలాగే గుట్టుగా ముదురుతుందని తరవాత తెలిసింది. గంట కొట్టేవాడి చేతులు కట్టేసి, మంటలారిపోయాయని పండగ చేసుకున్నానన్నమాట.

ఆ చుట్ట జేబులో పెట్టుకునే ఒక వారం సంతలో ఉపన్యాసం కూడా ఇచ్చాను. పసుపు కొమ్ములు కుప్పపోసుకుని ఒక ముసలమ్మ కూర్చుంది. నోట్లో అడ్డపొగ. మా ఉత్తరాంధ్ర వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెబుతున్నాను, చుట్ట వెలిగించి నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఎక్కువగా ఆడవాళ్ళే. డెన్మార్క్ డాక్టరు పిండ్‌బోర్గ్, మన దేశపు డాక్టరు మెహతా, ఇంకొందరూ కలిసి మన ఆంధ్రా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, ఈ అలవాటు అంగిలిని ఎలా పాడుచేస్తుందో, క్యాన్సర్ దాకా ఎలా తీసుకెళ్తుందో 1971లో ప్రచురించారు. ఆ లెక్క నాకు నోటికి వచ్చు. ముసలమ్మ ముందు గొంతుక్కూర్చుని అంకెతో సహా అప్పజెప్పాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, చుట్ట తీసి, "నువ్వు సెప్పింది బాగుంది గానీ మాస్టరు బాబూ, కూసింత దూరంగా జరిగి సెప్పు" అంది. తన పొగ నాకు తగలకూడదని ఆవిడ తాపత్రయం! ఎంత సంస్కారం అని కళ్ళు చెమర్చాయి.

ఆవిడ మనవడు మా బడిలోనే ఆరో తరగతి. ఒకరోజు కానుగ పందుంపుల్ల నోట్లో పెట్టుకుని ప్రార్థనకి వచ్చేశాడు. నేను వాణ్ణి నిలబెట్టి, ఈ కాలంలో పుల్లలేమిట్రా, గవర్నమెంటు పేస్టూ బ్రష్షూ ఇస్తుంటే అని, అందరూ నవ్వేలా ఒక చిన్న హాస్య ప్రసంగం చేశాను. ఈ కుర్రాణ్ణి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

మా ఆవిడ చాలాసార్లు చెప్పింది. "ఒకసారి విశాఖపట్నం వెళ్ళి పళ్ళు క్లీన్ చేయించుకోండి" అని. నా దగ్గర రెండు బ్రహ్మాస్త్రాలు ఉండేవి. మొదటిది, మా తాత. "మా తాత జన్మలో బ్రష్షు ముట్టలేదు. తొంభయ్యో ఏట చెరుకుగడ నమిలాడు." ఇలాంటి తాత మీకూ ఒకాయన ఉంటాడు. తెలుగునాట ఇంటికొక తాత ఉన్నాడు. ఆయన కచ్చికపొడితోనో బొగ్గుతోనో తోముకుని, చచ్చేదాకా శనగలు పటపటలాడించి, మనందరినీ ముంచి వెళ్ళాడు.

ఈ తాతల గుట్టు శ్రీలంకలో బయటపడింది. అక్కడ తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగవాళ్ళని 1970 నుంచి పదిహేనేళ్ళపాటు గమనించారు. వాళ్ళు పళ్ళు తోముకునే అలవాటు లేనివాళ్ళు, పళ్ళ డాక్టరు మొహం చూడనివాళ్ళు. అందరి నోళ్ళలోనూ పాచీ గారా దండిగా ఉన్నాయి. అయినా నూటికి 8 మందికి పళ్ళ పట్టు గబగబా కరిగిపోయింది, 81 మందికి మెల్లగా కరిగింది, 11 మందికి చిగుళ్ళు వాచాయే తప్ప అంతకుమించి ఏమీ కాలేదు. మా తాత ఆ పదకొండుగురిలో వాడు. నా వాదనలో ఉన్న లోపమల్లా, నేనూ ఆ పదకొండుగురిలోనే ఉన్నానని నాకు నేనే సీటు ఖాయం చేసుకోవడం. మీరిప్పుడు ఇది చదువుతూ మనసులో ఎక్కడ కూర్చున్నారో నాకు తెలుసు.

రెండో అస్త్రం: "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయి." ఇది నేను కనిపెట్టింది కాదు, దేశమంతా చెప్పుకునేదే. నేను ప్రచారకుణ్ణి మాత్రమే. స్టాఫ్‌రూములో నలుగురిని, బస్సులో ఒక పోస్టుమాన్‌ని, మా తోడల్లుణ్ణి నేనే స్వయంగా క్లీనింగ్ నుంచి కాపాడాను. ఇప్పుడు ఎదురుపడితే వాళ్ళకి ఎలా చెప్పాలో తెలియక పక్క సందులోకి తప్పుకుంటున్నాను.

అసలు మాట ఏమిటంటే, నాకు భయం. ఆ కుర్చీ అంటే భయం, ఆ మర చప్పుడంటే భయం, అంతకన్నా ఆ డాక్టరు నా నోట్లోకి చూసి ఏమంటాడోనని భయం. దాన్ని సిద్ధాంతంగా మార్చి తిరిగాను.

ఇంక తప్పదు, ఆ రోజుకి వచ్చేద్దాం.

కిందినుంచి మా బడికి పళ్ళ వైద్యశిబిరం వచ్చింది. ఒక డాక్టరమ్మ, ఇద్దరు హౌస్ సర్జన్లు, రెండు అట్టపెట్టెలు. పిల్లలు బెదిరిపోయి స్తంభాల చాటున నక్కారు. హెచ్చెమ్ గారు మైకు నాకిచ్చారు. నాకు మైకిస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు, అయినా ఇచ్చారు. పావుగంట దంచాను. చివర్లో, "పిల్లలూ, ముందు నేనే కూర్చుంటాను. డాక్టరమ్మగారు నా పళ్ళు చూస్తుంటే మీరూ చూడండి. పన్నంటే ఎలా ఉండాలో మీకు తెలుస్తుంది" అన్నాను. ఈ చివరి వాక్యం ఇప్పటికీ అర్ధరాత్రి గుర్తొస్తుంది. దుప్పటి తలమీదికి లాక్కుంటాను.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. మైకు పక్కన బల్లమీద పెట్టారు, ఆపలేదు. డాక్టరమ్మ నుదుటికి లైటు కట్టుకుని, కొసన నల్లగీతలున్న సన్నటి ఇనప పుల్ల తీసి, పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దింపుతూ అంకెలు చెప్పడం మొదలుపెట్టింది. హౌస్ సర్జన్ కుర్రాడు రాసుకుంటున్నాడు. "మూడు... నాలుగు... నాలుగు..." మైకులో అంకె వినపడేసరికి ఎక్కాల అలవాటు కొద్దీ మూడో తరగతి అందుకుంది, "నాలుగూ!" డాక్టరమ్మ "ఐదు" అంది, పిల్లలు "ఐదూ!" అన్నారు, నాకు ఉత్సాహం వచ్చింది, మార్కులు పెరుగుతున్నాయి కదా, పదికి వేస్తున్నారనుకున్నాను, నోరు ఇంకా బారుగా తెరిచాను, "ఆరు" అంది, పిల్లలు చప్పట్లు కొట్టారు, నేను బొటనవేలు పైకెత్తి చూపించాను, "ఏడు" అంది, ఈలలు, గోల, వెనకనుంచి ఎవడో "మాస్టరు ఫస్టు!" అని అరిచాడు, నేను రెండు చేతులూ జోడించి సభకి నమస్కారం పెట్టబోయాను, అప్పుడు చూసుకున్నాను, గడ్డం మీంచి వెచ్చగా ఏదో కారి నా తెల్లచొక్కా మీద పడుతోంది, ముందు వరసలో ఒక పిల్ల "మాస్టరు సచ్చిపోతన్నాడు" అని ఘొల్లుమంది.

గోల ఒక్కసారి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మైకు డాక్టరమ్మ గొంతుని చక్కగా వినిపించింది. "ఇవి మార్కులు కావు మాస్టారూ. గోతులు. చిగురు పంటిని ఎంత లోతు దాకా వదిలేసిందో మిల్లీమీటర్లలో చెబుతున్నాను. మూడు దాకా ఫరవాలేదు. మీకు ఏడు వచ్చింది." అని, కింది ముందుపన్ను ఒకదాన్ని రెండు పనిముట్ల మధ్య పట్టుకుని మెల్లగా కదిపింది. అది ఊగింది. చూడటానికి వచ్చినవాళ్ళంతా చూశారు.

తరవాత పిల్లలెవరూ భయపడలేదు. మాస్టరుకంటే మాది నయమే కదా అని బిలబిలమంటూ వరస కట్టారు. మన పందుంపుల్ల కుర్రాడి వంతు వచ్చింది. "రెండు... రెండు... ఒకటి... రెండు." మూడో తరగతి మళ్ళీ అందుకుంది గానీ ఈసారి గొంతులో జాలి. "పాపం, ఫెయిలు" అన్నాడొకడు. వాడు తలదించుకుని కుర్చీ దిగుతుంటే డాక్టరమ్మ భుజం తట్టి, ఏం వాడతావని అడిగింది. చెప్పాడు. పుల్లైనా బ్రష్షైనా పంటి మొదలుదాకా, చిగురు అంచుదాకా చేరాలి, నీది చేరుతోంది అంది. నేను చొక్కా కడుక్కుంటూ కుళాయి దగ్గర విన్నాను.

అంత జరిగాక మర్నాడే బండెక్కి ఉంటాననుకున్నారా? నాలుగు నెలలు పట్టింది. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దాలన్నాను, మూఢమన్నాను. ఈ లోపు ఏం చేశానంటే, చదివాను. పండితుడికి భయమేస్తే పుస్తకం పడతాడు. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే ఆయన పన్నెండుమంది చేత పళ్ళు తోముకోవడం మానిపించాడట. పది రోజుల నుంచి మూడు వారాల లోపల పన్నెండుమందికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోమంటే వారం రోజుల్లో అందరికీ తగ్గిపోయింది. పాచే కారణమని అలా తేలింది. అదే ప్రయోగాన్ని నేను మూడు వారాల్లో ఆపకుండా ఇరవై రెండేళ్ళు చేశాను. ఒక్క పత్రికవాళ్ళూ వేసుకోలేదు. చిగురు వాపు దగ్గర ఆగితే వెనక్కి తిప్పుకోవచ్చు. అది దాటి లోపలి ఎముక కరగడం మొదలైతే, ఆపుకోవడమే తప్ప పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు. నొప్పి ఉండదు. ఆ నొప్పి లేకపోవడమే నన్ను ముంచింది. పిప్పిపన్నైతే మొదటి రాత్రే డాక్టరు కాళ్ళమీద పడేవాణ్ణి.

తీవ్రమైన చిగుళ్ళ జబ్బు లోకంలో వందకోట్లమందికి పైగా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చదివి కొంత ఊరట పొందాను. ఎంత వెర్రివాడికైనా తోడు కావాలి కదా.

చివరికి మా ఆవిడే టికెట్టు కొని చేతిలో పెట్టింది. కిరండూల్ నుంచి వచ్చే పాసింజరు. కొత్తవలస–కిరండూల్ లైన్లో 58 సొరంగాలు ఉన్నాయంటారు. దిగేటప్పుడు చీకటి పడ్డప్పుడల్లా నాలికతో పళ్ళు లెక్కపెట్టుకున్నాను. వెలుతురు రాగానే కిటికీలోంచి లోయ చూస్తున్నట్టు నటించాను. శిమిలిగుడ స్టేషన్లో 996 మీటర్ల ఎత్తు బోర్డు దగ్గర కుర్రాళ్ళు సెల్ఫీలు తీసుకుంటున్నారు. నన్నూ రమ్మన్నారు. జీవితంలో మొదటిసారి మూతి బిగించి ఫోటో దిగాను.

విశాఖలో ఆ డాక్టరమ్మ దగ్గరే. ముందు షుగరు పరీక్ష చేయించుకు రమ్మంది. హద్దు దాటి రెండడుగులు ముందుకేసి ఉంది. షుగరు ఉంటే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగరు అదుపులో ఉండదు, ఒకదానికొకటి వియ్యంకులని చెప్పింది. చుట్ట మానెయ్యమంది. ఒక వైపు దవడకి మత్తుసూది ఇచ్చి, మర చేతిలోకి తీసుకుంది.

ఇన్నాళ్ళు భయపడ్డ ఆ మర ఏమిటో తెలుసా? పెన్సిలంత పుల్ల, కొసన కొంకి. అది సెకనుకి పాతికవేలసార్లకి పైగా అదురుతుందట, కంటికి కనపడదు. సన్నటి నీటితుంపర. తూనీగ చెవిదగ్గర తిరిగినట్టు కీచుమనే చప్పుడు. గీకడం కాదు, కోయడం కాదు, ఆ అదురుకి గార పెళ్ళలుగా విడిపోతుంది. నోటి మూలన గొట్టం నీళ్ళు పీల్చేస్తూ ఉంటుంది. మధ్యలో డాక్టరమ్మ ఆగి, కింది ముందుపళ్ళ లోపలివైపు నుంచి ఊడొచ్చిన పెళ్ళ ఒకటి దూదిమీద పెట్టి చూపించింది. కందిబద్దంత ఉంది. ఒకవైపు పసుపు, చిగురులో దిగిన వైపు నల్లటి ఆకుపచ్చ. మీద సన్నటి పొరలు పొరలు.

అది చూడగానే నాకు బొర్రా గుహలు గుర్తొచ్చాయి. ప్రతి ఏడూ పిల్లల్ని తీసుకెళ్ళి, "చూడండర్రా, సున్నం కరిగిన నీటిబొట్టు రాలీరాలీ ఇంత రాయి పేరుకుంది" అని వర్ణించేది నేనే. నా నోట్లో జరిగిందీ అలాంటిదే. పాచి అంటే తిండి తాలూకు మడ్డి కాదు, పంటిమీద కాపురం పెట్టిన సూక్ష్మజీవుల మెత్తటి పొర. మెత్తగా ఉన్నప్పుడు బ్రష్షుకి లొంగుతుంది. తుడవకుండా వదిలేస్తే రోజుల్లోనే ఉమ్మిలో ఉన్న కాల్షియం పట్టి రాయవుతుంది. అదే గార. లాలాజలం ఊరే చోట, అంటే కింది ముందుపళ్ళ వెనకా, పై దవడపళ్ళ బుగ్గవైపూ, ఎక్కువ కడుతుంది. ఒకసారి రాయయ్యాక ఏ పేస్టూ, ఏ ఉప్పూ, ఏ బొగ్గూ దాన్ని కదపలేవు, పనిముట్టు పడాల్సిందే. గారాబం చేస్తే గార కట్టదూ మరి! 1683లో లేవెన్‌హుక్ అనే హాలండ్ బట్టల వ్యాపారి తన పంటిపాచి గీకి భూతద్దం కింద పెట్టి, కదులుతున్న ప్రాణుల్ని చూసి నివ్వెరపోయాడట. ఆయన రోజూ ఉప్పుతో తోముకునే శుభ్రమైన మనిషి. నా పాచి చూసుంటే ఏమైపోయేవాడో.

రెండో వైపు వారం తరవాత చేసింది. ఊగుతున్న ఆ కిందిపన్ను మాత్రం దక్కలేదు.

ఇంటికొచ్చి అద్దం చూసుకుని కెవ్వుమన్నాను. పళ్ళమధ్య సందులు! చన్నీళ్ళు తగిలితే ప్రాణం పోతోంది! నేను చెప్పలేదూ, క్లీనింగ్ చేస్తే ఇలాగే అవుతుందని ఫోన్లో డాక్టరమ్మని గట్టిగా నిలదీశాను. "ఆ సందులు ఎప్పట్నుంచో ఉన్నాయి మాస్టారూ, గార నింపి పెట్టింది. వాపు తగ్గింది కాబట్టి కనపడుతున్నాయి. గోడ పడిపోతుంటే ఇన్నాళ్ళూ చెదలపుట్ట ఆనుకుని నిలబెట్టింది, అంతే. జివ్వుమనడం కొన్ని వారాల్లో తగ్గుతుంది" అంది. తగ్గింది.

ఇప్పుడు మెత్తటి పీచు బ్రష్షు. చిగురు అంచుకి ఏటవాలుగా పెట్టి, చిన్నచిన్నగా కదుపుతూ, పొద్దున్న రెండు నిమిషాలు, రాత్రి రెండు నిమిషాలు. రెండు నిమిషాలంటే ఎంత పొడుగో మీకు తెలియదు, చేసి చూడండి. అన్నమాచార్య కీర్తన ఒకటి పల్లవీ చరణాలూ పూర్తవుతాయి. మూడు నెలలకో బ్రష్షు. వేడినీళ్ళు కాచుకోవడానికి మా ఆవిడ ఒప్పుకుంది. ముందు బెంచీ పిల్లలు ముందుకి జరిగారు, ఇప్పుడు అల్లరి ఎక్కువైంది.

పన్ను పోయిందని తెలిసి మా అత్తగారు చూడటానికి వచ్చారు. ఆవిడకి ఎనభై. నేను దిగులుగా పెళ్ళిచూపుల నాటి మాట గుర్తుచేశాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అన్నానా బాబూ? ఏదో ఒకటి అనాలి కదా అని అనుంటాను" అన్నారు.

మూడు నెలలకి మళ్ళీ చూపించుకోమంటే మొన్న వెళ్ళాను. అదే గీతల పుల్ల. ఈసారి మైకు లేదు. "మూడు... రెండు... మూడు... రెండు..." ఇరవై రెండేళ్ళు పేపర్లు దిద్దిన ప్రాణం, రెళ్ళూ మూళ్ళూ వింటుంటే ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. వెనక దవడ దగ్గర "ఐదు" అంది. హమ్మయ్య, ఒక సబ్జెక్టులోనైనా, అనుకుని నాలిక కరుచుకున్నాను.

"పళ్ళ సందుల్లో వాడమని సన్న బ్రష్షులు రాశాను కదా మాస్టారూ, రోజూ రాత్రి వాడుతున్నారా?" అంది.

"రోజూ" అన్నాను. ఆ ప్యాకెట్టు ముందురోజు మధ్యాహ్నం రైల్లో, బొర్రా దాటాక విప్పాను.

డాక్టరమ్మ ఏమీ అనలేదు. దూది తీసుకుని దవడపంటి సందులో ఒకసారి ఒత్తి, నా కళ్ళముందుకు తెచ్చి పట్టుకుంది. లేత గులాబీ రంగులో ఉంది.

"వేడి చేసిందండీ" అన్నాను.